జీతాల గీత దాటకుండానే మునిగిన జట్టు

2021 వేసవిలో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ రెండు పనులు చేసింది. ఇరవై రెండేళ్ళ లిస్టన్ కొలాసోను కోల్‌కతా జట్టు ఏటీకే మోహన్ బగాన్‌కు అమ్మింది. ధర సుమారు కోటి అని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ వెంటనే బార్తొలొమ్యూ ఒగ్బెచె అనే నైజీరియా ఫార్వర్డును తెచ్చుకుంది. ఆయన వయసు ముప్పై ఆరు. సీజన్ మొదలయ్యేలోపు ముప్పై ఏడు నిండాయి.

ఆ రోజు తీర్పు చెప్పమంటే మీరేమనేవారు? ఎదిగే కుర్రాణ్ణి పోగొట్టుకుని రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషిని తెచ్చుకుంటారా అనే కదా. మన గోదావరిఖనిలో చౌరస్తా దగ్గర టీ తాగుతూ ఎవరిని అడిగినా అదే మాట వచ్చేది. కానీ ఒగ్బెచె ఆ సీజన్‌లో పద్దెనిమిది గోల్స్ కొట్టాడు. ఇండియన్ సూపర్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఒకటీ ఒకటీ సమం అయ్యాక పెనాల్టీలలో మూడు ఒకటి తేడాతో హైదరాబాద్ గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. ఇదే కట్టిమణి 2015 ఫైనల్లో, ఇదే ఫతోర్డాలో, గోవా జట్టు తరఫున ఆడుతూ చివరి నిమిషాల్లో సొంత గోల్ ఇచ్చుకుని ఓడినవాడు. ఆటలో ఇట్లాంటివి జరుగుతాయి, కాదనలేం. కానీ ఈ ప్రసంగం ఆ రాత్రి గురించి కాదు. ఆ రాత్రికి ముందూ తర్వాతా, మైదానంలో ఎవరూ లేనప్పుడు, కాగితాల మీద జరిగిన ఆట గురించి.

ఒక సీజన్ ముగిసి మరో సీజన్ మొదలయ్యే మధ్యన రెండు మూడు నెలలు ఉంటాయి. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదలాలి, ఎవరికి ఎన్నేళ్ళ కాంట్రాక్టు రాయాలి అనేవి అప్పుడే తేలుతాయి. ఇండియన్ సూపర్ లీగ్‌లో దీనికి ఒక హద్దు గీశారు. హైదరాబాద్ గెలిచిన ఆ రోజుల్లో ఒక క్లబ్బు తన ఆటగాళ్ళందరి జీతాల మీద ఏడాదికి పదహారున్నర కోట్లు మించి పెట్టడానికి లేదు. విదేశీయులు ఆరుగురికి మించకూడదు, వాళ్ళలో ఒకరు ఆసియా దేశాలవాడై ఉండాలి, మైదానంలో ఒకేసారి నలుగురే దిగాలి. అంటే పదకొండుమందిలో ఏడుగురు తప్పనిసరిగా మనదేశం వాళ్ళే.

తీర్పరి చూడవలసింది ఆ ఏడుగురిని. విదేశీ స్ట్రైకర్‌ను ఏ క్లబ్బయినా ఏజెంటుకు ఫోన్ చేసి తెచ్చుకోగలదు. మంచి భారతీయ లెఫ్ట్ బ్యాక్ దొరకడం కష్టం, కాబట్టి పేరు వచ్చినవాడి జీతం కోట్లలోకి పోతుంది. అందుకని నా లెక్కలో హైదరాబాద్ చేసిన తెలివైన పని 2021లో ఒగ్బెచెను తేవడం కాదు. దానికి ముందు ఏడు, 2020లో, కుర్రాళ్ళ జట్టు ఇండియన్ యారోస్ నుంచి ఆకాశ్ మిశ్రా అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి తెచ్చి ఎడమవైపు నిలబెట్టడం. కుడివైపు సిక్కిం కుర్రాడు ఆశీష్ రాయ్ అప్పటికే ఉన్నాడు. మధ్యలో మహమ్మద్ యాసిర్. అప్పుడే వచ్చిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వీళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టకుండా ఆడించాడు. అంతకుముందు సీజన్‌లో పది జట్లలో పదో స్థానంలో ఉన్న టీం ఆ ఏడు ఐదో స్థానానికి వచ్చింది. ఇంకా పేరు రాని కుర్రాళ్ళు తక్కువ జీతానికి ఆడతారు. పదహారున్నర కోట్లలో అట్లా మిగిలిన చోటులోనే ఒగ్బెచె, కెప్టెన్ జువావో విక్టర్ వంటివాళ్ళు ఇమిడారు. కప్పు గెలిచింది 2022లో అయినా, దాని లెక్క 2020లో కుదిరింది.

మన బొగ్గు గనుల్లో జీతం సంగతి వేరు. వేజ్ బోర్డు కూర్చుంటుంది, సంఘాలన్నీ కలిసి మాట్లాడతాయి, ఒప్పందం అయ్యాక కేటగిరీని బట్టి అందరికీ ఒకటే. 2023 మేలో అయిన పదకొండో వేజ్ బోర్డు ఒప్పందంలో పంతొమ్మిది శాతం అంటే ఇక్కడ రామగుండం ఆర్‌జీ 1 ఏరియాలో పనిచేసేవాడికీ పంతొమ్మిదే, కొత్తగూడెంలో వాడికీ పంతొమ్మిదే. ఫుట్‌బాలర్ అట్లా కాదు. ప్రతివాడూ ఒంటరిగా, తన ఏజెంటును పక్కన పెట్టుకుని, తన జీతం తాను మాట్లాడుకోవాలి. పక్కవాడికి ఎంత ఇస్తున్నారో తెలియదు. మీద మొత్తానికి ఒక గీత ఉంది కాబట్టి ఒకడికి పెరిగిందంటే ఇంకొకడికి తగ్గాలి. ఈ పద్ధతిలో కుర్రాడు ఎదిగేకొద్దీ క్లబ్బుకు చిక్కు పెరుగుతుంది. రెండేళ్ళు బాగా ఆడినవాడు మూడో ఏడు మూడింతలు అడుగుతాడు. ఇవ్వకపోతే కాంట్రాక్టు ముగిసేదాకా ఆగి చేతులూపుకుంటూ వెళ్ళిపోతాడు, క్లబ్బుకు పైసా రాదు. అందుకే ఏడాదో రెండేళ్ళో కాంట్రాక్టు మిగిలి ఉండగానే అమ్మాలి. లిస్టన్‌ను అమ్మడం తప్పని నేను అననిది ఇందుకే.

హైదరాబాద్‌కు ఈ బాధ కొత్తది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీం సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకుపోయాడు. ఆయన మీద హిందీలో 'మైదాన్' అని సినిమా కూడా తీశారు. సిటీ పోలీస్ జట్టులో జీతాల పరిమితి అన్న మాటే లేదు. ఆటగాడికి పోలీసు శాఖలో కొలువు, నెల తిరిగేసరికి జీతం. మన దగ్గర సింగరేణి వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పోటీల్లో ఆడేవాళ్ళకు ఇప్పటికీ నడిచే పద్ధతి ఇంచుమించు అదే. డ్యూటీ ఉంది, ఆట ఉంది. అయినా ఆ రోజుల్లోనూ వలస ఆగలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడి వచ్చిన మరుసటి ఏడే కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 2021లో లిస్టన్ కోల్‌కతాకే. 2022లో, కప్పు గెలిచిన వేసవిలోనే, ఆశీష్ రాయ్ కూడా కోల్‌కతాకే. హైదరాబాద్ తయారుచేయడం, కోల్‌కతా తీసుకుపోవడం అరవై ఏళ్ళ నాటి సంగతి. దాన్ని ఆపలేమని నా అభిప్రాయం. పోయినవాడి బదులు ఏం వచ్చింది అన్నదే చూడాలి.

మన భూగర్భ గనుల్లో పనిచేసిన పెద్దలకు ఈ లెక్క చెప్పనక్కరలేదు. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో ముందు దారులు తవ్వుతాం, నడుమ బొగ్గు దిమ్మలు వదులుతాం, పైకప్పు వాటి మీదే నిలుస్తుంది. తర్వాత ఆ పిల్లర్లు కూడా తీస్తాం. తీయడం తప్పు కాదు, ఆ బొగ్గూ బొగ్గే. కానీ తీసిన చోట గోదావరి ఇసుక పంపి స్టోయింగ్ చేయాలి, లేదంటే కప్పును దిగనిచ్చి మనం లెక్క ప్రకారం వెనక్కి రావాలి. రెండూ చేయకుండా పిల్లర్ మీద పిల్లర్ కోసుకుంటూ పోయేవాడిని ఏ ఓవర్‌మన్ ఊరుకోడు.

2021లో హైదరాబాద్ ఒక పిల్లర్ తీసింది, వెంటనే నింపింది. 2022లో ఇంకొకటి తీసింది. అప్పటికీ కప్పు నిలిచింది. 2022-23 సీజన్‌లో నలభై రెండు పాయింట్లతో ముంబై వెనక రెండో స్థానం, సెమీ ఫైనల్ దాకా వెళ్ళారు. 2023 వేసవిలో మాత్రం ఒకేసారి అన్నీ కదిలాయి. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి వెళ్ళాడు. ఒగ్బెచె వెళ్ళిపోయాడు. విదేశీ ఆటగాళ్ళు హావియర్ సివెరియో, బోర్హా హెరెరా ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కు. కోచ్ మనోలో గోవాకు. కోచ్ పోవడం ఆటగాళ్ళు పోవడం కన్నా పెద్ద నష్టం. ఆ కుర్రాళ్ళను కుర్రాళ్ళుగా ఉన్నప్పుడే గుర్తుపట్టి ఆడించిన కన్ను ఆయనది, జీతాల పరిమితి లెక్కలో కోచ్ జీతం రానే రాదు. వచ్చిన డబ్బు ఏ ఇసుకగా మారిందో మైదానంలో ఎవరికీ కనపడలేదు.

ఇక్కడిదాకా ఇది మామూలు ఫుట్‌బాల్ కథే. మంచి వేసవులు ఉంటాయి, చెడ్డ వేసవులు ఉంటాయి. తర్వాత జరిగింది వేరు. జీతాలు ఆగాయి.

ఇక్కడ ఒక రూలు చెప్పాలి. నెల జీతం మీద బతికేవాళ్ళు వినదగ్గ రూలు. ఫిఫా నిబంధనల ప్రకారం క్లబ్బు రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి పదిహేను రోజులు గడువు పెట్టవచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు తెంచుకుని పోవచ్చు. ఎక్కడికి పోయినా తప్పు అతనిది కాదు. 2018లో దీన్ని స్పష్టంగా రాసిపెట్టారు. ఈ రూలు ఆటగాడికి రక్ష. బాకీ పడ్డ క్లబ్బుకు మాత్రం ఉరితాడు. ఎందుకంటే ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆస్తి అంటూ ఉంటే అది ఆ కాంట్రాక్టులే. లిస్టన్ కాంట్రాక్టు కోటి తెచ్చింది. జీతం ఆపిన రోజు నుంచి అట్లాంటి కాగితాల విలువ సున్నా. నిన్నటిదాకా కోటి పలికే కుర్రాడు ఉత్తరం రాసి ఉచితంగా వెళ్ళిపోతాడు. అమ్మి అప్పు తీరుద్దామనుకున్న సరుకు కళ్ళ ముందే కాళ్ళు వచ్చి నడిచిపోతుంది.

సరిగ్గా అదే జరిగింది. పాత బాకీల ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్ళాయి, కొత్తవాళ్ళను రిజిస్టర్ చేసుకోకుండా నిషేధం పడింది. 2024 జనవరిలో విదేశీయులు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. జువావో విక్టర్ ఒక్కడు మిగిలాడు. చుట్టూ అకాడమీ పిల్లలు. ఇరవై రెండు మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు, చిట్టచివరి స్థానం. కప్పెత్తి రెండేళ్ళు తిరిగేసరికి ఇదీ పరిస్థితి. జీతాల పరిమితి రూలు వాళ్ళను ముంచలేదు. పైన గీసిన గీత కింద అసలు నేల ఉందా లేదా అని చూసినవాడే లేడు.

జీతాల పరిమితి గురించి మాట్లాడేవాళ్ళందరూ పొరబడేది ఇక్కడే అని నేననుకుంటాను. ఇంతకు మించి ఖర్చు పెట్టొద్దు అని మాత్రమే అది చెబుతుంది. అంత డబ్బు నీ దగ్గర ఉందా అని అడగదు. అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట ఒకటి ఉంది, కోడిగుడ్డు ఆకారం బంతితో ఎక్కువగా చేతులతోనే ఆడతారు. ఆ పేరెందుకు పెట్టుకున్నారో వాళ్ళకే తెలియాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మన పిల్లలు ఉన్న ఇళ్ళలో ఆదివారాలు టీవీలో నడుస్తూ ఉంటుంది. ఆ ఆట నడిపే లీగ్ 1994లో జీతాల పరిమితి తెచ్చింది. కాకపోతే ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడదు. లీగ్‌కు వచ్చిన ఆదాయంలో ఆటగాళ్ళ వాటా ఇంత అని వాళ్ళ యూనియన్‌తో ఒప్పందం ఉంది, అందులోంచి లెక్క తీస్తారు. టీవీ డబ్బు ముప్పై రెండు జట్లూ సమానంగా పంచుకుంటాయి. ఇంకొక్కటి, ఇంతకు తగ్గకుండా కూడా ఖర్చు పెట్టాలి అని కింద మరో గీత ఉంది. పరిమితి అక్కడ వచ్చిన డబ్బుకు నీడ. మన లీగ్‌లో ఆ అంకెకూ ఆదాయానికీ అట్లాంటి ముడి కనపడదు.

స్పెయిన్ లీగ్ మరోలా చేస్తుంది. అక్కడ ప్రతి క్లబ్బుకూ దాని ఆదాయాన్ని బట్టి వేరే పరిమితి. 2021 ఆగస్టు 5న, మెస్సీ ఉంటానన్నా, బార్సిలోనా ఉంచుకుంటానన్నా, ఆ లెక్క కుదరక ఆయన ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న క్లబ్బును వదలాల్సి వచ్చింది. మెస్సీ ఉంటే జీతాల ఖర్చు ఆదాయంలో నూటపది శాతం అవుతుందని క్లబ్బు అధ్యక్షుడు లాపోర్తా చెప్పాడు. ఆ రోజు ప్రపంచమంతా స్పెయిన్ లీగ్‌ను తిట్టింది. నాకు మాత్రం ఆ కఠినత్వమే సరైనదనిపిస్తుంది. లేని డబ్బుతో మెస్సీని ఆడించినా అది అప్పు చేసి పప్పుకూడే.

ఈ విషయంలో మన కోల్‌బెల్ట్ మనిషిని ఎవరూ మోసం చేయలేరు. ఏటా దసరాకు సింగరేణి లాభాల వాటా ప్రకటన వస్తుంది కదా. 2023-24 సంవత్సరానికి ముప్పై మూడు శాతం అన్నారు. టీవీలో ఆ అంకె రాగానే మన బదిలీ వర్కర్ దగ్గర్నుంచి ఓవర్‌మన్ దాకా అందరూ అడిగింది ఒక్కటే: దేంట్లో ముప్పై మూడు? మొత్తం లాభం నాలుగు వేల ఏడు వందల ఒక్క కోటి. అందులో విస్తరణకని రెండు వేల రెండు వందల ఎనభై తొమ్మిది కోట్లు పక్కన పెట్టి, మిగిలిన రెండు వేల నాలుగు వందల పన్నెండులో ముప్పై మూడు లెక్కకట్టి ఏడు వందల తొంభై ఆరు కోట్లు పంచారు. ఆ పక్కన పెట్టిన దాని మీద గేట్ మీటింగుల్లో ఎంత వాదన నడిచిందో నేను చెప్పనక్కర్లేదు. శాతం చూసి సంబరపడకుండా శాతం దేని మీద అని అడగడం మనకు అలవాటు. క్లబ్బు పరిమితి నిండా ఖర్చు పెడుతోందట అని ఎవరన్నా మురిసిపోతే అడగాల్సిందీ అదే. పెడతానన్నది ఎంత, ఇచ్చింది ఎంత, ఏ నెల దాకా ఇచ్చారు?

తర్వాతి సంగతి త్వరగా చెప్పేస్తాను, సంతోషించేది ఏమీ లేదు. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్బును తీసుకుంది. ఆ సీజన్‌లో పదమూడు జట్లలో పన్నెండో స్థానం. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అసలు ఆ జట్టు హైదరాబాద్ వచ్చిందే 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో. అదే ఏడు ఢిల్లీ తన జట్టును భువనేశ్వర్‌కు పోగొట్టుకుంది. ఆరేళ్ళకు హైదరాబాద్ జట్టును తెచ్చుకుంది. ఊళ్ళు మారినా బాకీలు రావాల్సినవాళ్ళు ఆటగాళ్ళే.

ఆ తర్వాత రెండు నెలలకు, డిసెంబర్ 13న, మెస్సీ ఉప్పల్ స్టేడియంకు వచ్చాడు. జనం కిక్కిరిశారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బంతి ఆడారు. ఆయన జట్టు పేరు సింగరేణి ఆర్‌ఆర్ 9. మన కంపెనీ పేరే. సింగరేణి డబ్బు ఆ సాయంత్రానికి ఎందుకని విమర్శలు వచ్చాయి, సమాధానాలూ వచ్చాయి, ఆ వాదన మీకు తెలిసిందే. నాకు తోచింది వేరే. ఆ రోజు ఉప్పల్ నిండా ఉన్న జనానికి మరుసటి వారం వెళ్ళి చూసుకోవడానికి తమ ఊరి సూపర్ లీగ్ జట్టు లేదు. ఒక సాయంత్రానికి డబ్బు దొరికే చోట ఒక సీజన్ జీతాలకు డబ్బు దొరకకపోవడం ఫుట్‌బాల్‌కు మాత్రమే పట్టిన జబ్బు కాదు కానీ, ఫుట్‌బాల్‌లో అది తొందరగా బయటపడుతుంది.

2022 ఫైనల్ గురించి ఒక మాట ఇంతవరకూ చెప్పలేదు. కట్టిమణిది గోవా. ఆకాశ్‌ది ఉత్తరప్రదేశ్. ఆశీష్‌ది సిక్కిం. యాసిర్, డిఫెండర్ చింగ్లెన్సనా మణిపుర్ వాళ్ళు. రహీం సాబ్ ఊరి పేరు చొక్కా మీద ఉంది కానీ చొక్కాలో ఆ ఊరి పిల్లలు లేరు. దూరం నుంచి తెచ్చుకున్న పిల్లలను నేను తక్కువ చేయడం లేదు, వాళ్ళే కప్పు గెలిచిపెట్టారు. అయితే అమ్మకుండా ఉంచుకోగలిగే ఆటగాడు, ఇంకో కోటి ఎక్కువిస్తామన్నా ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటానని ఇంట్లోవాళ్ళతో చెప్పే ఆటగాడు, సాధారణంగా ఆ నేల మీద పుట్టినవాడై ఉంటాడు. జీతాల పరిమితి ఉన్న లీగ్‌లో ఆ ఒక్క కోటి చాలా పెద్దది. యైటింక్లైన్ కాలనీలోనో ఎన్టీపీసీ జ్యోతినగర్‌లోనో బంతి తన్నే పిల్లవాణ్ణి చూసి వెళ్ళమని మనుషులను పంపడానికి అంత ఖర్చు కూడా కాదు.

రేపు మళ్ళీ ఎవరో వస్తారు. హైదరాబాద్ పేరుతో జట్టు పెడతామంటారు, పెద్ద విదేశీ పేరు ఒకటి ప్రకటిస్తారు, పత్రికల్లో ఫోటోలు పడతాయి. స్ట్రైకర్ వయసు ముప్పై ఆరా ఇరవై ఆరా అన్నది నేను తర్వాత చూసుకుంటాను. సీజన్ మొత్తం జీతాలకు బ్యాంకు గ్యారంటీ ఎవరి దగ్గర పెట్టారు, కోచ్ ఒప్పందం ఎన్నేళ్ళు, ఇరవై ఏళ్ళలోపు వాళ్ళు ఎందరున్నారు, వాళ్ళ కాంట్రాక్టులు ఏ సంవత్సరం ముగుస్తాయి అనే నాలుగూ ముందు చెప్పమంటాను.